అంగడికి తర్కమే పునాది: గ్రేటర్ నోయిడా ప్రదర్శన నుంచి ఏటికొప్పాక బొమ్మ దాకా

గ్రేటర్ నోయిడాలోని ఇండియా ఎక్స్‌పో మార్ట్‌లో ఏటా రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, దేశం నలుమూలల హస్తకళలు ఒకే కప్పు కిందికి చేరుతాయి. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి నిర్వహించే ఈ ప్రదర్శన చిల్లర అమ్మకాల సంత కాదు. విదేశీ దిగుమతిదారులు, టోకు వ్యాపారులు, పెద్ద దుకాణాల ప్రతినిధులు ఇక్కడికి వస్తారు. నమూనాలు చూస్తారు, ధర మాట్లాడుకుంటారు, నచ్చితే కొన్ని నెలల తరువాత అందుకోవలసిన సరుకుకు ఆర్డరు ఇస్తారు. ఎక్స్‌పో మార్ట్ ఉన్న నాలెడ్జ్ పార్క్ ప్రాంతంలోనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలూ ఉన్నాయి. 1988లో నెలకొన్న బిర్లా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ టెక్నాలజీ వాటిలో ఒకటి. మార్కెటింగ్ పాఠం చెప్పే తరగతి గది, ఆ పాఠానికి పరీక్ష పెట్టే అంగడి ఇక్కడ ఇరుగుపొరుగున ఉన్నాయి.

ఈ పరీక్షలో ఎక్కువ పణం పెట్టేది చిన్న ఉత్పత్తిదారులే. స్టాలు అద్దె, రైలు ఛార్జీలు, సరుకు రవాణా, బస ఖర్చు, ఇవన్నీ మొదటి ఆర్డరు రాకముందే చెల్లించవలసినవి. ఆంధ్రప్రదేశ్ నుంచో తెలంగాణ నుంచో వచ్చే చేతివృత్తి కుటుంబానికి ఇది చాలాసార్లు అప్పు చేసి పెట్టే పెట్టుబడి. తిరిగి వెళ్లేటప్పుడు చేతిలో ఆర్డర్లు కాక విజిటింగ్ కార్డులు మాత్రమే మిగిలితే ఆ అప్పు తీర్చేది ఎవరు? అందువల్ల "ఎలా అమ్మాలి?" అనే ప్రశ్నకు జవాబును ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నామన్నది వారికి బతుకుతెరువుకు సంబంధించిన విషయం.

నాలుగు ప్రమాణాలు, రెండు అలవాట్లు

మనకు ఏదైనా ఒక సంగతి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నను భారతీయ న్యాయశాస్త్రం చాలా శ్రద్ధగా విచారించింది. కాశీలో ప్రసిద్ధి పొందిన తెలుగు పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ తర్కశాస్త్రానికి తొలి పాఠ్యగ్రంథంగా నిలిచి ఉంది. ఆ సంప్రదాయం నాలుగు ప్రమాణాలను అంగీకరిస్తుంది. కంటితో చూసి, చేతితో తాకి తెలుసుకునేది ప్రత్యక్షం. ఒక కారణాన్ని ఆధారం చేసుకుని నిర్ణయించేది అనుమానం. పోలిక వల్ల తెలిసేది ఉపమానం. నమ్మదగినవారు చెప్పగా తెలిసేది శబ్దం.

శాస్త్రంలో ఉపమానానికి ఉన్న అర్థం కొంత పరిమితమైనది. దానిని పోలిక అనే వాడుక అర్థంలో తీసుకుంటే, వ్యాపార నిర్ణయాల్లో అధికభాగం చివరి రెండింటి మీదే నడుస్తున్నాయని తెలుస్తుంది. "పక్క స్టాలువారు ఇరవై శాతం తగ్గించారు, మనమూ తగ్గిద్దాం" అనడం పోలిక. "సామాజిక మాధ్యమాల్లో వీడియోలు పెడితే అమ్ముడవుతుందని నిపుణుడు చెప్పాడు" అనడం శబ్దం. ఇవి తప్పు కావు. అయితే పక్కవారి పరిస్థితి మన పరిస్థితి ఒకటేనా, నిపుణుడు చెప్పింది మన వస్తువుకు వర్తిస్తుందా అని అడగకుండా వాటిని అనుసరించడం ప్రమాదకరం.

పాశ్చాత్య తత్త్వంలో అరిస్టాటిల్ మొదలుకొని చెబుతూ వచ్చిన మూలసూత్రాల ఆలోచన కూడా ఈ జాగ్రత్తనే బోధిస్తుంది. ఒక సమస్యను ఇక విడదీయలేని నిజాల వరకు విడదీయాలి. వాటిలో ఏది నిజంగా తెలిసినది, ఏది ఆనవాయితీగా వచ్చినది అని వేరుచేయాలి. ఆ తరువాతనే నిర్ణయాన్ని కింది నుంచి కట్టుకుంటూ రావాలి. మార్కెటింగ్‌లో ఆ మూలప్రశ్నలు కొన్నే: కొనేది ఎవరు, వారు ఏ అవసరం తీర్చుకోవడానికి కొంటున్నారు, కొనకుండా వారిని ఆపుతున్నది ఏది, మన వద్ద నిజంగా కొరతగా ఉన్నది ఏది.

అమృతాంజనం నేర్పే పాఠం

ఈ ప్రశ్నలు వేసుకుంటే ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి తెలుగువారికి పాత ఉదాహరణ ఒకటుంది. దేశోద్ధారకుడిగా పేరొందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. 1908లో అదే నగరంలో ఆంధ్రపత్రికను స్థాపించినదీ ఆయనే. కొత్తగా వచ్చిన ఈ తలనొప్పి మందును ఆయన సంగీత సభల్లో శ్రోతలకు ఉచితంగా పంచారని చెబుతారు.

పైపైన చూస్తే ఇది "ఉచితంగా పంచితే పేరు వస్తుంది" అనే పాఠంలా కనిపిస్తుంది. లోతుగా చూస్తే విషయం వేరు. పేరు తెలియని మందును కొనకుండా మనిషిని ఆపేది అపనమ్మకం. ఆ మందు గుణం నుదుటికి రాసుకున్న కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది. ఒక మనిషికి రుచి చూపడానికి వేలికొనకు అంటేంత లేపనం చాలు. సంగీత సభలో మనుషులు గంటల తరబడి ఒకేచోట కూర్చుని ఉంటారు, పక్కవారితో మాట కలుపుతారు. గుణం త్వరగా తెలియడం, నమూనా ఖర్చు స్వల్పంగా ఉండడం, మాట వ్యాపించే చోటు దొరకడం, ఈ మూడూ కలిసినందువల్లనే ఉచిత పంపిణీ అర్థవంతమైంది.

ఇప్పుడు ఒక బొమ్మల కళాకారుడు ఇదే పని చేశాడనుకుందాం. ఒక్కొక్క బొమ్మకు గణనీయమైన శ్రమ పడుతుంది. దాని మన్నిక తెలియడానికి నెలలు పడుతుంది. ఉచితంగా పంచితే మిగిలేది నష్టమే. పంతులుగారి పద్ధతిని అనుకరించినవాడు ఇక్కడ దెబ్బతింటాడు. ఆయన తర్కాన్ని అనుసరించినవాడు మాత్రం, "నా వస్తువు విషయంలో కొనేవారి అపనమ్మకం ఏమిటి, దానిని తక్కువ ఖర్చుతో తొలగించేది ఏది?" అని అడుగుతాడు.

బొమ్మ కొనేవారు ఏం కొంటున్నారు?

అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలి సమీపాన వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు ప్రసిద్ధి. మెత్తని అంకుడు కర్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పడుతుంది. రసాయన రంగులు వ్యాపించిన కాలంలో ఈ ఊరికి చెందిన సి.వి.రాజు చెట్ల బెరళ్లు, గింజలు, వేళ్లు, ఆకుల నుంచి తీసే సహజ వర్ణాలను తిరిగి వాడుకలోకి తెచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే రూపుదిద్దుకుంది.

ఇంతటి గౌరవం పొందిన బొమ్మను అమ్మేటప్పుడు సాధారణంగా మొదట చెప్పేది "శతాబ్దాల వారసత్వం" అన్న మాట. కొనేవారి వైపు నుంచి చూస్తే అదే మొదటి మాట కావాలా? పసిపిల్లలు బొమ్మను చూసి ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. అందువల్ల బొమ్మ కొనే తల్లిదండ్రులు అందంతోపాటు భయం నుంచి విముక్తినీ కొంటున్నారు. 2007లో రంగుల్లో సీసం ఉన్నట్టు తేలడంతో మాటెల్ వంటి ప్రపంచ ప్రసిద్ధ సంస్థే లక్షల బొమ్మలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం అమెరికా కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం 2009 నుంచి పూతలో సీసం పరిమితి పది లక్షల భాగాలకు 600 నుంచి 90కి తగ్గింది. పిల్లల వస్తువులను స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించాలన్న నియమమూ వచ్చింది.

మన దేశంలో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకు అందులో మినహాయింపు ఇచ్చారు. చిన్న కళాకారులకు ఇది అవసరమైన ఊరటే. కానీ చట్టంలో దొరికిన మినహాయింపు కొనేవారి మనసులో దొరకదు. విదేశీ కొనుగోలుదారు అడిగేది పరీక్షా పత్రం. "సహజమైనది కాబట్టి సురక్షితం" అన్నది కూడా నిరూపించవలసిన మాటే. ప్రకృతిలో దొరికే ప్రతి పదార్థమూ హానిరహితం కాదు. ప్రయోగశాల ఇచ్చే ఫలితం ప్రత్యక్ష ప్రమాణం. అమృతాంజనానికి వేలికొన లేపనం ఏ పని చేసిందో, లక్క బొమ్మకు పరీక్షా పత్రం ఆ పని చేయగలదు.

తగ్గింపు వెనుక లెక్క

ఇక రెండో మూలప్రశ్నకు వద్దాం: మన వద్ద కొరతగా ఉన్నది ఏది? ఒక ఊహాలెక్క చూద్దాం. బొమ్మ తయారీకి, రవాణాకు కలిపి 210 రూపాయలు అవుతుందని, అమ్మకపు ధర 300 రూపాయలని అనుకుందాం. మిగులు 90. వంద బొమ్మలు అమ్మితే 9,000 రూపాయలు మిగులుతాయి. ధరను పది శాతం తగ్గించి 270 చేస్తే మిగులు 60కి పడిపోతుంది. అదే 9,000 రావాలంటే 150 బొమ్మలు అమ్మాలి. ఇరవై శాతం తగ్గించి 240కి అమ్మితే మిగిలేది 30 మాత్రమే. అప్పుడు 300 బొమ్మలు అమ్మాలి. ధర తగ్గింది ఐదో వంతు, చేయవలసిన పని మాత్రం మూడింతలైంది.

కర్మాగారంలో అచ్చు పోసే బొమ్మకు ఈ మూడింతల ఉత్పత్తి సాధ్యమే. పైగా సంఖ్య పెరిగేకొద్దీ అక్కడ ఒక్కొక్క బొమ్మ ఖర్చు తగ్గుతుంది. చేతిపనిలో అది జరగదు. నూరో బొమ్మకు ఎంత సమయం పడుతుందో మూడువందలో బొమ్మకూ దాదాపు అంతే పడుతుంది. చేతివృత్తిలో అసలైన కొరత కళాకారుడి సమయమే. కాబట్టి పెద్ద సంస్థల తగ్గింపు వ్యూహాన్ని అనుకరించడమంటే, తన దగ్గర లేనిదాన్ని పందెం కాయడమే. ఎక్కువ బొమ్మలు ఎలా అమ్మాలన్న ప్రశ్నకు బదులు, ఒక్కొక్క పనిగంటకు ఎక్కువ విలువ ఎలా రాబట్టాలన్నది ఇక్కడ సరైన ప్రశ్న.

పెద్ద ఆర్డరు విషయంలోనూ ఈ లెక్క అవసరం. పదిమంది కళాకారులు రోజుకు తలా 15 బొమ్మల చొప్పున నెలకు 25 రోజులు పనిచేస్తే 3,750 బొమ్మలు తయారవుతాయి. పదివేల బొమ్మల ఆర్డరుకు రెండున్నర నెలలకు పైగా పడుతుంది. ఆ లోపల మరే పనీ ఒప్పుకోకూడదు. ఈ సంగతి ప్రదర్శనలో మాట ఇచ్చే ముందే తెలిసి ఉంటే, విడతలవారీగా సరఫరా చేస్తామని నిజాయితీగా చెప్పవచ్చు. తెలియకపోతే గడువు తప్పుతుంది, ఆ కొనుగోలుదారు మళ్లీ రాడు.

వ్యూహాన్ని ఐదు వాక్యాల్లో చెప్పడం

న్యాయశాస్త్రంలో ఒక వాదాన్ని ఎదుటివారికి నిరూపించడానికి ఐదు అవయవాలు ఉంటాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. మార్కెటింగ్ వ్యూహాన్ని ఈ చట్రంలో పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో బయటపడుతుంది.

ప్రతిజ్ఞ: ఈ బొమ్మను ధర తగ్గించకుండా, పరీక్షా పత్రంతో అమ్మాలి. హేతువు: కొనేవారి ముఖ్యమైన శంక భద్రత గురించే కాబట్టి. ఉదాహరణ: పసిపిల్లల వస్తువు భద్రతపై ఎక్కడ శంక ఉంటే అక్కడ పెద్ద పేరు కూడా ఆదుకోలేదు, 2007 నాటి బొమ్మల ఉదంతం వలె. ఉపనయం: మన బొమ్మ కూడా పసిపిల్లల చేతికి వెళ్లేదే. నిగమనం: అందువల్ల పరీక్షకు ఖర్చు పెట్టాలి, తగ్గింపునకు కాదు.

ఇలా రాసుకోగానే బలహీనమైన కీలు కనిపిస్తుంది. అది హేతువు. మన వద్దకు వచ్చిన దిగుమతిదారు బొమ్మను పిల్లల గదికి కాక, హాలులో అలంకరణకు అమ్మేవాడైతే? అప్పుడు అతని శంక భద్రత కాకపోవచ్చు. రంగు వెలిసిపోతుందా, పది పెట్టెల్లోనూ ఒకే ఛాయ ఉంటుందా అన్నది అతని ప్రశ్న కావచ్చు. హేతువు మారితే నిగమనమూ మారుతుంది. తర్కం మనకు జవాబును ఇచ్చి ఊరుకోదు, ఏ విషయాన్ని పరీక్షించి తెలుసుకోవాలో చూపుతుంది.

పెద్ద ఖర్చుకు ముందు చిన్న పరీక్ష

ఎక్కువ డబ్బు వెచ్చించి గ్రేటర్ నోయిడాకు వచ్చిన తరువాత పరీక్షలు మొదలుపెట్టడం కంటే, అంతకుముందే విశాఖలోనో, హైదరాబాద్ శిల్పారామంలోనో చిన్నగా పరీక్షించుకోవడం మేలు. పెద్ద సర్వేకు ముందు చిన్న సర్వే చేసి చూడాలన్న పద్ధతిని మన దేశంలో పీసీ మహలనోబిస్ బెంగాల్ జనుము పంట అంచనాల్లో ఆచరించి చూపారు. ఆయన 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థలోనే పనిచేసిన సి.ఆర్.రావు ఈ పరీక్షలను పొదుపుగా చేసే మార్గాన్ని చూపారు. తెలుగు కుటుంబంలో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన రావు 1940 దశకంలో లంబ వ్యూహాలు అనే అమరికలను ప్రతిపాదించారు. పరిశ్రమల్లో నాణ్యత పెంపు మొదలుకొని వినియోగదారుల ఇష్టాల అధ్యయనం వరకు నేడు వాటిని వాడుతున్నారు.

దాని సారాంశాన్ని మన బొమ్మతోనే చెప్పుకోవచ్చు. మూడు విషయాలు తేల్చుకోవాలి: ధర 300 రూపాయలా, 360 రూపాయలా? పెట్టె అట్టదా, గుడ్డసంచా? చీటీ మీద కళాకారుడి పరిచయం ఉండాలా, పరీక్షా వివరాలు ఉండాలా? అన్ని కలయికలూ చూస్తే ఎనిమిది అవుతాయి. రావు పద్ధతిలో నాలుగు చాలు. మొదటిది 300, అట్టపెట్టె, పరిచయం. రెండోది 300, గుడ్డసంచి, పరీక్షా వివరాలు. మూడోది 360, అట్టపెట్టె, పరీక్షా వివరాలు. నాలుగోది 360, గుడ్డసంచి, పరిచయం. ఏ రెండు విషయాలను తీసుకున్నా వాటి నాలుగు జతలూ ఒక్కొక్కసారి వస్తాయి. అందువల్ల ప్రతి విషయం ప్రభావాన్ని విడిగా అంచనా వేయవచ్చు. ఒక అంశం ప్రభావం మరొకదాని మీద ఆధారపడి మారనప్పుడే ఈ పొదుపు చెల్లుతుందన్నది గుర్తుంచుకోవాలి.

మరో రెండు జాగ్రత్తలు అవసరం. నాలుగు అమరికలను నాలుగు వేర్వేరు వారాల్లో పెడితే, ఏ వారం ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. పండుగ వారంలో అమ్మకం పెరిగితే ఆ ఘనత గుడ్డసంచికి దక్కకూడదు కదా! అలాగే ఒకచోట ఐదు, మరొకచోట ఏడు అమ్ముడైనంత మాత్రాన తేడా ఉందని తీర్మానించకూడదు. అది కాకతాళీయమూ కావచ్చు. పరీక్ష మొదలుపెట్టే ముందే "ఏ ఫలితం వస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను?" అని కాగితం మీద రాసుకోవడం మంచి అలవాటు. లేకపోతే ఏ ఫలితం వచ్చినా మనకు నచ్చిన అర్థమే కనిపిస్తుంది.

మరపును లెక్కలోకి తీసుకోవడం

అభ్యసన శాస్త్రం నుంచి వ్యాపారులు తెచ్చుకోదగిన పాఠాలు మరో రెండున్నాయి. నోబెల్ గ్రహీత, భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతి ఒకటి. ఒక విషయాన్ని ఏమీ తెలియని వారికి తేలిక మాటల్లో చెప్పి చూడాలి. ఎక్కడ తడబడితే అక్కడ మనకే అది అర్థం కాలేదన్నమాట. "అత్యున్నత నాణ్యత, అపూర్వ కళానైపుణ్యం" వంటి మాటలు ఆ తడబాటును కప్పిపుచ్చుతాయి. "ఇది కర్ర, ఇది లక్క, ఈ రంగు గింజల నుంచి వచ్చింది, నోట్లో పెట్టుకున్నా ఇబ్బంది లేదని పరీక్షలో తేలింది" అని చెప్పగలిగితే, తనకు ఏం తెలుసో అమ్మేవారికి తెలుసు. ఆ చివరి మాట నిజంగా పరీక్ష జరిగిన తరువాతే చెప్పాలి.

రెండోది మరపు గురించి. జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో తన జ్ఞాపకశక్తి మీదే చేసుకున్న ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, రోజుల్లోనే జారిపోతుందని, ఆ తరువాత మరపు వేగం తగ్గుతుందని, విరామాలతో పునశ్చరణ చేస్తే జ్ఞాపకం నిలుస్తుందని ఆయన గుర్తించారు. ఎక్స్‌పో మార్ట్‌లో ఎన్నో స్టాళ్లు తిరిగే కొనుగోలుదారుకు మన స్టాలు ఎంతకాలం గుర్తుంటుంది? ఊరికి చేరి, విశ్రాంతి తీసుకుని, నెల తరువాత రాసే ఉత్తరం అప్పటికే మరచిపోయిన మనిషికి చేరుతుంది. ఆ రాత్రే బొమ్మ ఫొటోతో, మాట్లాడుకున్న ధరతో ఒక సందేశం, వారం తరువాత పరీక్షా పత్రం, నెల తరువాత కొత్త నమూనా పంపితే జ్ఞాపకం నిలబడుతుంది. వసంతంలో కలిసినవారిని శరత్తులో మళ్లీ కలవడం కూడా అటువంటి పునశ్చరణే. ఒక్క ప్రదర్శనతో లాభనష్టాలు తేల్చడం అందుకే తొందరపాటు అవుతుంది.

ఎక్కడ తర్కం, ఎక్కడ అనుభవం

ప్రతి నిర్ణయాన్నీ మూలాల నుంచి తవ్వుకుంటూ పోవడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. సరుకు పెట్టెను ఎలా కట్టాలో, ఏ పత్రాలు జతచేయాలో అనుభవజ్ఞులను అడిగి తెలుసుకోవడమే మంచిది. అక్కడ శబ్ద ప్రమాణం చాలు. తప్పితే సరిదిద్దుకోగల చిన్న విషయాల్లో పక్కవారిని చూసి నేర్చుకోవచ్చు. ధర, నాణ్యత, ఎవరికి అమ్మాలి, ఎంత ఒప్పుకోవాలి అన్నవి మాత్రం తప్పితే కోలుకోవడం కష్టమైనవి. సహజ రంగులను వదిలి చవకైన రసాయన రంగులకు మారాలా అన్నది కూడా ఆ కోవలోదే. వీటిని అనుకరణకు వదిలిపెట్టకూడదు.

గ్రేటర్ నోయిడా ప్రదర్శనకు బయలుదేరే తెలుగు కళాకారుడు సరుకు పెట్టెతోపాటు ఒక కాగితం కూడా తీసుకువెళ్లవచ్చు. దాని మీద ఉండవలసినవి కొద్ది విషయాలే: కొనేవారు ఎవరు, వారి శంక ఏమిటి, దాన్ని తొలగించే రుజువు ఏది, ఒక్కొక్క బొమ్మకు మిగిలేది ఎంత, నెలకు చేయగలిగేది ఎంత. వీటిలో ఏ జవాబు తాను స్వయంగా చూసి, లెక్కించి తెలుసుకున్నదో, ఏది ఇతరులు చెప్పగా విన్నదో పక్కనే గుర్తు పెట్టుకోవాలి. విన్నవాటిని ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పోతే, తదుపరి ప్రదర్శన నాటికి ఆ కాగితమే అతని మార్కెటింగ్ వ్యూహం అవుతుంది.